రేపటి అడవికి ఏ ఊరి విత్తనం?

1985 జనవరిలో ఫ్రాన్స్ నైరుతి మూలన, అట్లాంటిక్ తీరాన ఉన్న లాండ్ ప్రాంతం మీద చలి విరుచుకుపడింది. సముద్రపు గాలి పుణ్యమా అని అక్కడ శీతకాలాలు మామూలుగా మెత్తగానే గడిచిపోతాయి. ఆ ఏడు మాత్రం పాదరసం సున్నాకు ఇరవై డిగ్రీల దిగువ దాకా జారింది. ఆ ఇసుక నేలల్లో పది లక్షల హెక్టార్ల మేర మనిషి పెంచిన అడవి ఉంది. దాదాపు అంతా ఒకే జాతి, మారిటైమ్ పైన్. చలి తగ్గి ఎండ కాసేసరికి ఆ అడవిలో కొన్ని తోటలు ఎప్పటిలా పచ్చగా ఉన్నాయి. కొన్ని తోటల్లో సూదుల్లాంటి ఆకులు తుప్పురంగుకు తిరిగాయి, చెట్లు నిలువునా చచ్చిపోయాయి. నేల అదే, చలి అదే, జాతి అదే. అలా పోయిన తోటలు దాదాపు 30,000 హెక్టార్లు.

కారణం 1940లలో ఉంది. ఆ దశాబ్దంలో లాండ్ అడవులు పదే పదే తగలబడ్డాయి. 1949 ఆగస్టులో చెలరేగిన మంటల్లో 82 మంది ప్రాణాలు పోగొట్టుకున్నారు. కాలిపోయిన నేలలో మళ్లీ నాటడానికి కావలసినంత స్థానిక విత్తనం లేకపోయింది. అదే జాతి పోర్చుగల్‌లోనూ పెరుగుతుంది కాబట్టి అక్కడి నుంచి విత్తనం తెప్పించారు. మొక్కలు చక్కగా ఎదిగాయి. కంటికి ఏ తేడా కనిపించలేదు. ఆ తర్వాత చెట్టు జిగురులో ఉండే టెర్పీన్ల పాళ్లను బట్టి ఏ తోట ఎక్కడి సంతతిదో తేల్చే పద్ధతి పరిశోధకుల చేతికొచ్చింది. చలికి చచ్చినవి పోర్చుగల్ సంతతి అని దాంతో రూఢి అయింది. దశాబ్దాల పాటు నిక్షేపంగా పెరిగిన చెట్ల అసలు స్వభావాన్ని కొద్ది రోజుల చలి బయటపెట్టింది.

మారుతున్న వాతావరణంలో ఏ చెట్లు నాటాలి అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి అటవీ శాఖ బల్ల మీదా ఉంది. చాలామంది దాన్ని జాతుల జాబితాగా చూస్తారు: ఈ చెట్టు ఎండకు ఆగుతుంది, ఆ చెట్టు ఆగదు. లాండ్ చెప్పేది అంతకన్నా లోతైన సంగతి. ఒకే జాతిలో ఊరికొక రకం చెట్టు ఉంటుంది. పొడి కొండ మీద వేల ఏళ్లుగా బతికిన గుంపు ఒకలా, వాన పడే లోయలోని గుంపు మరోలా రూపుదిద్దుకుని ఉంటాయి. పేరు ఒకటే అయినా ఎప్పుడు చిగురించాలో, ఎప్పుడు ఎదుగుదల ఆపాలో, నీళ్లు లేనప్పుడు ఎంత పొదుపుగా ఉండాలో వాటి విత్తనంలో వేరువేరుగా రాసి ఉంటుంది. అందుకే అడవి శాస్త్రంలో జాతి ఎంత ముఖ్యమో, విత్తనం పుట్టుచోటూ అంతే ముఖ్యం.

ఈ ఎరుక కొత్తది కాదు. 18వ శతాబ్దంలో ఫ్రెంచి నౌకాదళానికి కలప సంగతులు చూసిన దుహామెల్ దు మోన్సో స్కాట్స్ పైన్ విత్తనాలను వేర్వేరు దేశాల నుంచి సేకరించి నాటించాడు. ఓడ తెరచాప కొయ్యలకు నిటారు మాను కావాలి. బాల్టిక్ తీరంలోని రీగా నుంచి వచ్చే మానులు నిటారుగా ఉండేవి, మిగతా చోట్లవి వంకర తిరిగేవి. ఆ నిటారుతనం నేల వల్ల వచ్చిందా, విత్తనం వల్లా? 1820ల నుంచి ఫిలిప్ ఆంద్రే ద విల్మోరాఁ తన లె బార్ ఎస్టేటులో ఈ చిక్కును ఓపికగా విప్పాడు. రకరకాల చోట్ల విత్తనాన్ని ఒకే నేలలో పక్కపక్కన పెంచాడు. రీగా సంతతి పరాయి నేలలోనూ నిటారుగానే లేచింది. 1892లో జర్మనీలోని ఎబర్స్‌వాల్డ్‌లో అటవీ పరిశోధనా సంస్థలు అంతర్జాతీయ సంఘంగా ఏర్పడ్డాక, 20వ శతాబ్దం మొదట్లోనే స్కాట్స్ పైన్ మీద పలు దేశాల్లో ఒకేసారి ఇలాంటి ప్రయోగం మొదలైంది.

మన దేశంలోనూ ఈ ఆలోచన త్వరగానే వేళ్లూనింది. భారత అడవులను రకాలుగా వర్గీకరించిన హెచ్.జి. ఛాంపియన్ 1930లలోనే విత్తనం పుట్టుచోటు ప్రాముఖ్యం మీద ప్రత్యేకంగా రాశాడు. 1930 ప్రాంతంలో టేకు విత్తనాన్ని దేశంలోని వేర్వేరు అడవుల నుంచి తెచ్చి పక్కపక్కన నాటి చూసిన ప్రయోగాలూ జరిగాయి.

పుట్టుచోటు ప్రయోగం పద్ధతి వినడానికి తేలిక, చేయడానికి కష్టం. ముందు ఆ జాతి విస్తరించిన ప్రాంతమంతా తిరిగి కాయలు కోయాలి. ఒక్కో చోటి విత్తనాన్ని విడివిడిగా కట్టి, ఎత్తు, అక్షాంశం, వర్షపాతం రాసి పెట్టాలి. నర్సరీలో ఏ సంచి మొక్క ఏదో కలిసిపోకుండా చూడాలి. తర్వాత వాటిని ఒకచోట కాదు, చల్లని కొండ మీద, వెచ్చని లోయలో, ఎండిన మైదానంలో, ఇలా వీలైనన్ని చోట్ల నాటాలి. ప్రతి క్షేత్రంలో వరుసలను చీటీలు వేసినట్టు కలిపి నాటాలి, లేకపోతే మంచి నేల దొరికిన గుంపుకు లేని గొప్ప అంటుకుంటుంది. ఆపైన అయిదేళ్లకో పదేళ్లకో వెళ్లి ఎన్ని బతికాయో లెక్కపెట్టి, ఎత్తు కొలిచి, ఛాతీ ఎత్తు దగ్గర మాను చుట్టు కొలత తీసుకోవాలి. మొదలుపెట్టినవాళ్లు చాలాసార్లు చివరి ఫలితం చూడరు. రిటైరవుతారు, పోతారు. నంబరు రేకులు ఊడిపోతాయి, పటం ఏదో బీరువాలో మూలపడుతుంది, కొత్త అధికారికి అది మామూలు తోటలా కనిపించి వేలం వేసేయవచ్చు. ఇలాంటి తోటలు పోవడం శాస్త్రానికి గ్రంథాలయం కాలిపోవడంతో సమానం.

అలా పోకుండా నిలిచిన వాటిలో అత్యంత విలువైనది కెనడా పశ్చిమ రాష్ట్రం బ్రిటిష్ కొలంబియాలో ఉంది. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ సన్నగా, సూటిగా పెరిగే చెట్టు. మైదానాల ఆదివాసీలు గుడారాలకు నిట్టాళ్లుగా వాడడం వల్లే ఆ పేరు వచ్చింది. చాలా చోట్ల దాని కాయలు జిగురుతో మూసుకుపోయి ఏళ్ల తరబడి కొమ్మకే అంటిపెట్టుకుని, అడవి తగలబడినప్పుడు ఆ వేడికి విచ్చుకుంటాయి. ఉత్తరాన యూకాన్ నుంచి దక్షిణాన మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా దాకా, సముద్రమట్టం నుంచి ఎత్తైన పర్వతాల దాకా ఇది పెరుగుతుంది. ఇంత వైవిధ్యమున్న జాతి ప్రయోగానికి దొరకడం అరుదు. కీత్ ఇల్లింగ్‌వర్త్ అనే అటవీ శాస్త్రవేత్త 140 చోట్ల నుంచి దీని విత్తనం సేకరింపజేసి, 1970ల మొదటి సగంలో 60 క్షేత్రాల్లో నాటించాడు.

ఇల్లింగ్‌వర్త్ మనసులో భూతాపం లేదు. కలప దిగుబడి ఎలా పెంచాలి, ఏ విత్తనాన్ని ఎంత దూరం తీసుకెళితే ప్రమాదం లేదు అన్నదే ఆయన ప్రశ్న. అయినా పాతికేళ్లు గడిచేసరికి ఆ తోటలకు ఎవరూ ఊహించని విలువ వచ్చింది. చల్లని చోట పుట్టిన విత్తనం వెచ్చని చోట పెరుగుతోందంటే, వాతావరణం అన్ని డిగ్రీలు వేడెక్కితే ఆ గుంపు ఏమవుతుందో ఇప్పుడే కళ్ల ముందు కనిపిస్తున్నట్టే. వందేళ్ల తర్వాతి సంగతి తెలుసుకోవడానికి వందేళ్లు ఆగనక్కర్లేదు, వంద కిలోమీటర్లు పోతే చాలు.

అమెరికా అటవీ శాఖ శాస్త్రవేత్త జెరాల్డ్ రేఫెల్ట్ కెనడా సహచరులతో కలిసి ఈ లెక్కలన్నీ తవ్వి 1999లో ఒక పెద్ద వ్యాసం ప్రచురించాడు. ఒక్కో గుంపు ఎదుగుదలను అది పెరిగిన క్షేత్రాల ఉష్ణోగ్రతతో పోల్చి గీస్తే కొండలాంటి వంపు వస్తుంది. ఒక ఉష్ణోగ్రత దగ్గర ఎదుగుదల శిఖరానికి చేరుతుంది, అటూ ఇటూ పడిపోతుంది. ఆశ్చర్యం ఏమిటంటే చాలా గుంపుల శిఖరం వాటి సొంత ఊరి దగ్గర లేదు. ముఖ్యంగా చలి ప్రాంతపు గుంపులు తమకు బాగా నప్పే వాతావరణం కన్నా చల్లని చోట్ల బతుకుతున్నాయి. చలికి తట్టుకునే గుణం సంపాదించడానికి అవి వేగంగా ఎదిగే గుణాన్ని వదులుకున్నాయి. కాస్త వెచ్చని చోటికి పోతే అవి బాగానే పెరుగుతాయి, కానీ అక్కడ అంతకన్నా వేగంగా ఎదిగే గుంపులు అప్పటికే నేలనూ వెలుగునూ ఆక్రమించి ఉంటాయి.

ఈ ఒక్క ఫలితంలో ఊరటా హెచ్చరికా రెండూ ఉన్నాయి. తొలి డిగ్రీ వేడికి ఉత్తరాది అడవులు కొంత మెరుగ్గా పెరగవచ్చు. అది చూసి అంతా బాగుందనుకుంటే మోసపోతాం. జాతి విస్తరణకు వెచ్చని, పొడి అంచున ఉన్న గుంపులు అప్పటికే శిఖరం దగ్గరో, దాటో ఉంటాయి. వాటికి ప్రతి డిగ్రీ దిగుడే. ఉష్ణ దేశాల అడవుల గురించి ఆలోచించేవాళ్లు గుర్తుపెట్టుకోవలసింది ఈ రెండో సగాన్ని.

బ్రిటిష్ కొలంబియాకు హెచ్చరిక మాత్రం చెట్ల లెక్కల కన్నా ముందు పురుగు రూపంలో వచ్చింది. పర్వత పైన్ పురుగు అనే చిన్న నల్లటి కీటకం బెరడు కింద గుడ్లు పెడుతుంది, పిల్లలు లోపలి మెత్తని పొరను తొలిచేస్తాయి. మైనస్ 40 డిగ్రీల చలి కొన్నాళ్లు నిలిస్తే అవి చస్తాయి. 1990ల నుంచి అలాంటి శీతకాలాలు అరుదైపోయాయి. మంటలను ఆర్పుతూ రావడం వల్ల ఒకే వయసు ముదురు పైన్‌లు విస్తారంగా పోగుపడి ఉన్నాయి. రెండూ కలిసి కోటీ 80 లక్షల హెక్టార్లకు పైగా అడవి దెబ్బతింది. ఆంధ్రప్రదేశ్ మొత్తం విస్తీర్ణం కన్నా అది ఎక్కువ.

ఆ రాష్ట్రంలో ఏటా 20 కోట్లకు పైగా మొక్కలు నాటుతారు. అంతవరకూ అక్కడి నిబంధన స్థానిక విత్తనమే మేలన్నది. పటం మీద విత్తన మండలాలు గీసి, ఏ మండలం విత్తనం ఆ మండలంలోనే వాడేవారు. వందల ఏళ్ల అనుభవం దాని వెనక ఉంది, లాండ్‌లో మీరింది ఆ సూత్రాన్నే. కానీ వాతావరణమే ఊరు మారుతుంటే స్థానికం అన్న మాటకు అర్థం జారిపోతుంది. ఇప్పుడు నాటిన పైన్ గొడ్డలికి వచ్చేది 2080 ప్రాంతంలో. అప్పటి ఎండ ఈనాడు దక్షిణాన కొన్ని వందల కిలోమీటర్ల దూరంలో కాస్తోంది. మంచుయుగం ముగిశాక చెట్లు ఉత్తరానికి జరిగిన వేగం ఏడాదికి వంద మీటర్ల చుట్టుపక్కలే అని జన్యు ఆధారాలు చెబుతున్నాయి. ఇప్పటి వేడిని అందుకోవాలంటే అంతకు ఎన్నో రెట్లు పరుగెత్తాలి. విత్తనానికి ఆ శక్తి లేదు కాబట్టి మనిషి మోసుకుపోవాలి.

అలా మోసుకుపోవడం ఎంతవరకు క్షేమమో తేల్చడానికి గ్రెగ్ ఓనీల్ బృందం 2009 నుంచి 2012 వరకు యూకాన్ దక్షిణం నుంచి ఉత్తర కాలిఫోర్నియా దాకా 48 చోట్ల 15 జాతులను నాటింది. ఈసారి ప్రశ్న సూటిగా వాతావరణ మార్పే. అక్కడి ప్రభుత్వమూ ఫలితాల కోసం చేతులు కట్టుకుని కూర్చోలేదు. 2010లో వెస్టర్న్ లార్చ్ అనే చెట్టును దాని సహజ హద్దులు దాటి ఉత్తరాన నాటడానికి అనుమతించింది. 2018 నుంచి విత్తనాన్ని ఊరి పేరుతో కాక వాతావరణపు పోలికతో ఎంచుకునే కొత్త నిబంధనలు తెచ్చింది. ఒక ప్రభుత్వం ప్రయోగ ఫలితాన్ని చట్టంగా మార్చి కోట్ల మొక్కలకు వర్తింపజేయడం అటవీ చరిత్రలో పెద్ద సంఘటన.

అయితే విత్తనాన్ని ఒక్కసారే చాలా దూరం తీసుకెళ్లరు. దానికి గట్టి కారణం ఉంది. చెట్టు వేడిని మాత్రమే కాదు, రాత్రి పొడవునూ చదువుతుంది. ఉత్తరాది చెట్టు రాత్రులు సాగడం మొదలవగానే ఎదుగుదల ఆపి, మొగ్గలు బిగించి, చలికి సిద్ధమవుతుంది. దక్షిణాది చెట్టును ఉత్తరాన పెడితే దానికి ఆ సంకేతం ఆలస్యంగా అందుతుంది. శరత్తులో ఇంకా లేత చిగుళ్లతో ఉండగానే తొలి మంచు పడి కాల్చేస్తుంది. భూమి వేడెక్కినంత మాత్రాన ఆ తొలి మంచు పూర్తిగా పోదు. రాత్రి పొడవు అసలే మారదు. అందుకే 2080కి సరిపోయే విత్తనం 2030లో చచ్చిపోవచ్చు. నాటేవాడు రెండు కాలాలకూ మధ్యన, మొక్కదశ దాటి బతకగలిగి, ముదిరాక కూడా నిలవగలిగే విత్తనం వెతకాలి. ఈ మధ్యేమార్గం కంప్యూటరు నమూనాలో అందంగా కనిపిస్తుంది. నేల మీద అది ప్రతిసారీ పందెమే.

చెట్టు లోపల ఈ సర్దుబాటు ఎక్కడ రాసి ఉందో కూడా ఇప్పుడు కొంత తెలుస్తోంది. బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయంలో శాలీ ఐట్కెన్ నాయకత్వంలోని బృందం లాడ్జ్‌పోల్ పైన్‌ను, అదే నేలల్లో పెరిగే స్ప్రూస్‌ను పోల్చి చూసింది. ఈ రెండు వంశాలూ డైనోసార్ల కాలంలోనే, 14 కోట్ల ఏళ్ల కిందట విడిపోయాయి. అయినా చలికీ వేడికీ సర్దుకోవడంలో రెండూ 47 జన్యువులను ఉమ్మడిగా వాడుకుంటున్నట్టు 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించిన వ్యాసంలో చూపారు. దీని ఉపయోగం నర్సరీలో ఉంది. యాభై ఏళ్లు ఆగకుండానే ఏ గుంపు ఏ వాతావరణానికి దగ్గరో అంచనా కట్టవచ్చు. అయితే ఆ అంచనా సరైనదో కాదో తేల్చేది మళ్లీ పాత తోటలే.

తప్పు ఎంపికకు ఎంత మూల్యమో జర్మనీ చూసింది. 19వ శతాబ్దంలో అక్కడి అటవీశాఖలు త్వరగా ఎదిగే, సూటిగా కలపనిచ్చే నార్వే స్ప్రూస్‌ను కొండలు దించి మైదానాలకు తెచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కొట్టేసిన అడవుల చోట మళ్లీ అదే నాటారు. పైపైనే పరుచుకునే వేళ్లున్న ఈ చల్లని కొండల చెట్టు, వాన సరిగా పడినంత కాలం ఎవరినీ నిరాశపరచలేదు. 2018, 2019, 2020 వరసగా ఎండిపోయాయి. దప్పికకు చెట్ల జిగురు ఎండింది. బెరడు పురుగు లోపలికి దిగినప్పుడు దాన్ని ముంచి చంపే ఆయుధం ఆ జిగురే. 2018 జనవరి నుంచి 2021 ఏప్రిల్ వరకు దాదాపు 5 లక్షల హెక్టార్ల అడవి పోయిందని జర్మన్ అంతరిక్ష సంస్థ ఉపగ్రహ చిత్రాలతో లెక్కగట్టింది. హార్జ్ పర్వతాల్లో కొండవాలులే బూడిదరంగుకు తిరిగాయి. ఇప్పుడు అక్కడి పరిశోధకులు డగ్లస్ ఫర్‌తో పాటు అట్లాస్ పర్వతాల దేవదారును, టర్కీ హేజెల్‌ను, తూర్పు దేశాల బీచ్‌ను నాటి చూస్తున్నారు.

ఇక్కడ ఒక చిక్కుంది. వాతావరణం బాగా నప్పినా తెగులు తలకిందులు చేయగలదు. బ్రిటన్‌లో వేడెక్కే కాలానికి తగిన చెట్టుగా కార్సికా పైన్‌కు మంచి పేరుండేది. మధ్యధరా ద్వీపం నుంచి వచ్చిన ఆ చెట్టు తూర్పు ఇంగ్లండు పొడి ఇసుకల్లో హాయిగా పెరిగింది. 1990ల తర్వాత డోథిస్ట్రోమా అనే శిలీంధ్రం సూదుల మీద ఎర్రటి పట్టీలు వేస్తూ వ్యాపించింది. వెచ్చని, తడి వసంతాలు దానికి కలిసొచ్చాయి. 2000ల మధ్యకు ప్రభుత్వ అడవుల్లో ఆ చెట్టు నాటడమే ఆపేశారు. ఉష్ణోగ్రత, వర్షపాతాల పట్టికలో మొదటి మార్కు తెచ్చుకున్న చెట్టు అలా జాబితా నుంచి జారిపోయింది.

ఎండకు ఆగే చెట్టు కోసం వెతుకులాట తెలుగు నేలకు మంచి పరిచయమే. 1876లో మద్రాసు ప్రెసిడెన్సీ మహాక్షామంలో కూరుకుపోతున్నప్పుడు అటవీ అధికారి, వృక్షశాస్త్రవేత్త ఆర్.హెచ్. బెడ్డోమ్ బీడు జిల్లాలకు పనికొస్తుందని ఒక చెట్టు విత్తనం కోసం ప్రభుత్వానికి రాశాడు. విత్తనం వచ్చింది. ఆ దశాబ్దం చివర్లో కడప జిల్లా కమలాపురంలో నాటారు. మనం సర్కారు తుమ్మ అంటున్న చెట్టు అదే. అనుకున్నదంతా అది చేసింది. వాన లేకపోయినా చచ్చిపోలేదు, ఉప్పు నేలలోనూ లేచింది, పేదల పొయ్యికి కట్టె, బొగ్గు కాల్చేవారికి బతుకు ఇచ్చింది. అనుకోనిదీ చేసింది. తియ్యని కాయలు తిన్న పశువులు పేడతో పాటు గింజలను ఊరూరా చల్లాయి. చెరువు గర్భాలు, వంక గట్లు, మేత బీళ్లు ముళ్ల పొదలయ్యాయి. గడ్డి పోయింది, తంగేడు, రేగు లాంటివి వెనక్కి తగ్గాయి. నూట యాభై ఏళ్ల తర్వాత కూడా దాన్ని పీకే ఖర్చు ఊళ్లు మోస్తున్నాయి. కరువుకు ఆగడం చెట్టుకు ఉండాల్సిన గుణాల్లో ఒకటి. ఆగిన తర్వాత అది ఏం చేస్తుందన్నదీ ముందే అడగవలసిన ప్రశ్న. పరాయి జాతిని తేవడం కన్నా, ఉన్న జాతిలోనే పొడి ప్రాంతపు గుంపును వెతకడం చాలాసార్లు క్షేమమనడానికి కమలాపురానికి మించిన ఉదాహరణ అక్కర్లేదు.

కోస్తా రైతులకు ఎంపిక వేరే లెక్కలో నడుస్తుంది. సరుగుడు, సర్వి, సవక, ఏ పేరుతో పిలిచినా ఆ తోట నాలుగైదేళ్లలో గొడ్డలికి వస్తుంది. పందిళ్లకు వాసాలుగా, మిల్లుకు గుజ్జు కట్టెగా పోతుంది. ఎంపిక తప్పితే వచ్చే విడతలో దిద్దుకోవచ్చు. 1990ల మొదట్లో ఆస్ట్రేలియా పరిశోధకుల చొరవతో సరుగుడు పుట్టుచోట్ల ప్రయోగం అనేక దేశాల్లో మొదలైనప్పుడు కోయంబత్తూరులోని అటవీ జన్యుశాస్త్ర సంస్థ అందులో చేరింది. అదే సంస్థ తర్వాత మామూలు సరుగుడును ఇండోనేషియాకు చెందిన జుంగూనియానా జాతితో సంకరపరిచి కొత్త క్లోన్‌లు ఇచ్చింది. భద్రాచలం కాగితం మిల్లు 1980ల చివర్లో మొదలుపెట్టిన జామాయిల్ క్లోన్‌ల సంగతీ రైతులకు తెలిసిందే. దిగుబడి పెరిగింది, కానీ వేల ఎకరాల్లో ఒకే క్లోన్ అంటే వేల ఎకరాల్లో ఒకే చెట్టు. 2000లలో ఆకుల మీద బుడిపెలు తెప్పించే చిన్న కందిరీగ జామాయిల్ మీద వాలినప్పుడు ఈ బలహీనత బయటపడింది. 1988లో సుబాబుల్ మీద పడిన పేను చెప్పిందీ అదే.

టేకుకు ఆ దిద్దుకునే వీలు లేదు. ఈరోజు నాటిన మొక్క యాభై, అరవై వేసవులు చూడాలి. 1970లలో డెన్మార్క్ సంస్థల సమన్వయంతో 75 చోట్ల టేకు విత్తనాన్ని ఉష్ణ దేశాల్లో 50 దాకా క్షేత్రాల్లో నాటారు, భారత గుంపులు కూడా అందులో ఉన్నాయి. అడవుల వర్గీకరణలో పొడి టేకు అడవి అని ప్రత్యేకంగా ఒక రకమే ఉంది. మలబారు తడి కొండల టేకు, ఆదిలాబాద్ టేకు ఒకే పేరు పంచుకున్నా ఒకే బతుకు బతకలేదు. వేగంగా ఎదిగే తడి ప్రాంతపు విత్తనం నర్సరీలో కళ్లను ఆకట్టుకుంటుంది. నలభై ఏళ్ల తర్వాత వరసగా రెండు వానాకాలాలు ముఖం చాటేస్తే ఏది నిలుస్తుందన్నది నర్సరీలో కనిపించదు. పైగా చెట్టును చంపేది సగటు కాదు, ఒక్క చెడ్డ రోజు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ విశాఖ పచ్చదనాన్ని గంటల్లో నేలకూల్చింది. ఆ గాలి ఏ వార్షిక సగటులోనూ కనిపించదు.

ఈ చర్చలో వేపను మరిచిపోవడం పెద్ద పొరపాటు అవుతుంది. ఎవరూ పట్టించుకోకపోయినా బతికేస్తుందని మనం ధీమాగా ఉన్న చెట్టు అది. 2021లో తెలంగాణ అంతటా వేపకొమ్మలు చివళ్ల నుంచి మాడుతూ వచ్చాయి. ఫోమాప్సిస్ అనే శిలీంధ్రం, దానికి తోడు రసం పీల్చే దోమ లాంటి నల్లి కారణమని వ్యవసాయ శాస్త్రవేత్తలు గుర్తించారు. చాలా చెట్లు తిరిగి చిగురించాయి. ఒకే వీధిలో కొన్ని బాగా మాడాయి, కొన్నిటికి అంతగా తగల్లేదు. ఆ తేడాలో వయసుకూ నేలకూ ఎంత వాటా ఉందో, విత్తనానికి ఎంత ఉందో పుట్టుచోటు ప్రయోగమే విడదీయగలదు. 1990లలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సమన్వయంతో వేపకు ఇలాంటి అంతర్జాతీయ ప్రయోగం ఒకసారి జరిగింది. అప్పటి ప్రశ్నలు నూనె, ఎదుగుదల. ఇప్పటి ప్రశ్నలు వేరు.

తెలంగాణలో 2015లో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కలను లక్ష్యంగా పెట్టుకుంది. ఆంధ్రప్రదేశ్‌లోనూ ఏటా నర్సరీల నుంచి పెద్ద సంఖ్యలో మొక్కలు బయటికి వెళతాయి. ఇంత నాటే చోట, ప్రతి నర్సరీ మడి దగ్గర ఒక పలక పెట్టి ఈ వేప, ఈ చింత, ఈ కానుగ ఏ మండలంలోని ఏ చెట్ల గింజ అని రాయడం పెద్ద ఖర్చు కాదు. దాన్ని కచ్చితంగా చేయించాలి. దానికి తోడుగా కొన్ని శాశ్వత క్షేత్రాలు కావాలి. అనంతపురం వేప, శ్రీకాకుళం వేప, జోధ్‌పూర్ వేప పక్కపక్కన పెరిగే తోట ఒకటి రాయలసీమలో, ఒకటి ఆదిలాబాద్ వైపు, ఒకటి తీరాన ఉండాలి. హైదరాబాద్ శివారు దూలపల్లిలో కేంద్ర అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది, రెండు రాష్ట్రాల్లోనూ వ్యవసాయ విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, మనుషులకు కొరత లేదు. పటం రెండు చోట్ల భద్రపరచాలి, క్షేత్రాన్ని వేలం జాబితాలో ఎన్నటికీ చేర్చకూడదని ఉత్తర్వు ఉండాలి, కొలతలకు ముప్పై ఏళ్ల నిధి ముందే కేటాయించాలి. వచ్చే వేసవిలో గింజ ఏరితే, తొలి కొలత మరో ఆరేళ్లకు చేతికొస్తుంది.